పడవ వైరింగ్ మొదలుపెట్టే ముందు

చిన్నా,

పాత పడవ కొన్నావని, వైరింగంతా పీకేసి కొత్తది వేయిస్తానని రాశావు. సంతోషం. కానీ ఇళ్లకు పనిచేసే ఎలక్ట్రీషియన్‌నే పున్నమి ఘాట్‌కు తీసుకెళ్తానన్నావు చూడు, దానికే ఈ ఉత్తరం.

గోడలో వైరు కదలదు. పడవలో ఇంజను తిరిగినంతసేపూ వణుకుతూనే ఉంటుంది. ఇంటికి వాడే ఒంటితీగ వైరు కొన్నాళ్లకు లోపలే విరుగుతుంది. సన్నటి పోగులున్న రాగి వైరు కొను. ఆటోనగర్‌లో అడుగు, తగరం పూత ఉన్నది తెప్పించగలిగితే ఖర్చుకు వెనకాడకు. కృష్ణ నీళ్లేమీ ఉప్పన కాదుగా అంటావేమో, రాగి పాడవడానికి తేమ చాలు. పీకేసిన వైరు చివర తొడుగు బెత్తెడు చీల్చి చూడు, రాగి ఏ రంగులో ఉందో!

నన్నడిగితే వైరు కంటే ముందు చెడేది జాయింటు. మెలితిప్పి టేపు చుట్టింది ఒక్కటి కూడా ఉండనివ్వకు. వైరు చివర తొడిగే లోహపు ముక్కను, అదే లగ్గును, క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి, కటింగ్ ప్లయర్‌తో కాదు. నొక్కాక గట్టిగా లాగు. ఊడొస్తే మళ్లీ వేయించు, మేస్త్రి మొహం మాడ్చుకున్నా సరే. దానిమీద లోపలివైపు జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగి వేడిచేస్తే, అంచున జిగురు సన్నగా బయటికి పొంగాలి. అది కనిపించకపోతే నీళ్లకు దారున్నట్టే. టంకం పెడితే గట్టి అంటారు గానీ, అది పోగుల్లోకి ఎక్కి వైరు బిరుసెక్కుతుంది, ఆ బిరుసు ఆగినచోటే తెగుతుంది.

ఫ్యూజు బ్యాటరీకి 7 అంగుళాల లోపే ఉండాలి. అది వైరు కాలకుండా కాపాడేది. మాటిమాటికీ పోతోందని పెద్దది వేశావంటే, ఈసారి కాలేది వైరే.

12 వోల్టుల్లో వైరు మందం దగ్గర పిసినారితనం పనికిరాదు. 5 ఆంపియర్ల పంపు 5 మీటర్ల దూరంలో ఉంటే, రానూ పోనూ 10 మీటర్ల వైరు. 1.5 స్క్వేర్ ఎంఎం వేస్తే అర వోల్టు పైనే దారిలో పోతుంది, 4 వేస్తే పావు వోల్టు కూడా పోదు.

అడుగు నీళ్లు తోడే పంపును మాత్రం మెయిన్ స్విచ్‌తో కలపకు. నీళ్లు పెరిగితే పంపును తనే ఆన్ చేసే దాని ఫ్లోట్ స్విచ్ సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే పోవాలి. రాత్రి అన్నీ ఆపేసి ఇంటికొచ్చాక వాన పడితే తోడేది అదే కదా. బ్యాటరీని కదలకుండా కట్టించు, ఛార్జింగ్‌లో వచ్చే గ్యాసు పోవడానికి గాలి ఆడనివ్వు.

క్రింపింగ్ టూల్ కొనకు, నా దగ్గరుంది. పని ఏ రోజో ఫోన్ చేస్తే పంపిస్తాను.

మీ బాబాయి