‘తొలి’ అన్న మాట

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా వెళ్ళి వైద్యం చదివిన ఆనందీబాయి జోషి అంటే నీకెంత ఇష్టమో తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేరాలోనే ‘తొలి మహిళా వైద్యురాలు’ అని మూడుసార్లు రాశావు. వైద్యురాలు అన్నాక మళ్ళీ మహిళా ఎందుకమ్మా? సరే, అది కొట్టేస్తే పోతుంది. ‘తొలి’ అంత తేలిగ్గా పోదు. ఆమెకు పట్టా వచ్చిన 1886లోనే కలకత్తాలో కాదంబినీ గంగూలీ కూడా వైద్యం చదువు ముగించింది. అంతకుముందే 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ నలుగురు ఆడవాళ్ళను చేర్చుకుంది. నేనూ ఒకప్పుడు ఓ పత్రికలో ఇలాగే ఒకామెకు ‘తొలి’ కిరీటం పెట్టాను. వారం తిరక్కుండా మూడు ఉత్తరాలొచ్చాయి, మూడింట్లో మూడు వేరే పేర్లు!

తప్పు దొర్లుతుందన్న భయంతోనే చెప్పడం లేదు. ‘తొలి’ అనగానే చదివేవాళ్ళు ఏమనుకుంటారు? ఒకామె తలుపు తీసింది, మిగతావాళ్ళు వెనకాలే వచ్చేశారని. ఎలిజబెత్ గారెట్ సంగతి చూడు. ఇంగ్లండులో ఏ మెడికల్ స్కూలూ ఆమెను విద్యార్థినిగా చేర్చుకోలేదు. వైద్యం చేయడానికి లైసెన్సులిచ్చే అపోతెకరీల (మందులు తయారుచేసి ఇచ్చేవాళ్ళ) సంఘం నిబంధనల్లో మాత్రం ‘పురుషులు’ అని లేదు, ‘వ్యక్తులు’ అని ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని, తండ్రి కోర్టుకెళ్తానని బెదిరిస్తే, 1865లో లైసెన్సు సంపాదించింది. సంఘం వెంటనే రూలు మార్చేసింది. గుర్తింపు ఉన్న స్కూల్లో చదివితేనే పరీక్ష అంది. ఆ స్కూళ్ళేమో ఆడవాళ్ళను రానివ్వవు. ఆమె లోపలికి వెళ్ళింది, వెనకాలే తాళం పడింది.

స్కాట్లాండులో ఎడిన్‌బరో యూనివర్సిటీ కథా అంతే. 1870 నవంబరు 18న అనాటమీ పరీక్షకు వెళ్తున్న సోఫియా జెక్స్-బ్లేక్, ఆమెతో పాటు వైద్యం చదువుతున్న ఆడవాళ్ళ బృందం మీద విద్యార్థుల గుంపు బురద చల్లింది, హాల్లోకి ఓ గొర్రెను తోలింది. ఈ గొర్రె లేకుండా ఎవరూ రాయరు, నువ్వూ రాయి, తప్పులేదు. నన్ను మాత్రం ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది అదే ఏడాది గొడవేమీ లేకుండా జరిగిన ఇంకో పని. కెమిస్ట్రీ పరీక్ష మొదటిసారి రాసినవాళ్ళలో ఆ బృందంలోని ఎడిత్ పీచీ అందరికన్నా ముందుంది. ఆమెకు రావలసిన హోప్ స్కాలర్‌షిప్పును తక్కువ మార్కులొచ్చిన అబ్బాయికి ఇచ్చేశారు. ఆడవాళ్ళు వేరే క్లాసులో పాఠం విన్నారట, అదీ కారణం. వేరే క్లాసులో కూర్చోబెట్టిందెవరు? ఆ యూనివర్సిటీవాళ్ళే. బురద చల్లినవాడు నీ కథలో ఒక్క పేజీ ఉంటాడు. ఇలాంటి కారణాలు రాసిపెట్టినవాళ్ళ కోసం వెతుకు.

ఆ పీచీ చివరికి స్విట్జర్లాండు వెళ్ళి, బెర్న్‌లో ఎం.డి. తీసుకుని, 1883లో బొంబాయి వచ్చింది. అక్కడ ఆడవాళ్ళ కోసం పెట్టిన కామా ఆసుపత్రి బాధ్యత ఆమెదే. అక్కడే రుఖ్మాబాయి పరిచయమైంది. పదకొండేళ్ళకు తనకు చేసిన పెళ్ళిని ఒప్పుకోనని, భర్త దగ్గరికి పంపితే వెళ్ళను, జైలుకైనా వెళ్తానని కోర్టులో నిలబడిన పిల్ల. పీచీ ఆమెకు అండగా నిలిచింది. రుఖ్మాబాయి వైద్యం చదివింది ఎక్కడనుకున్నావు? ఎడిన్‌బరోలో తోసేశాక జెక్స్-బ్లేక్ 1874లో లండన్‌లో పెట్టిన ఆడవాళ్ళ మెడికల్ స్కూల్లో. ఇది దొరికిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక నీ ఆనందీబాయి. 1887 ఫిబ్రవరిలో, ఇరవై రెండేళ్ళైనా నిండకుండా పోయింది. దాన్ని నువ్వు ‘దురదృష్టవశాత్తూ’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. కొల్హాపూర్ ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు ఆమె చేతికి అప్పగించడానికి సిద్ధంగా ఉంది. పద్నాలుగేళ్ళప్పుడు పుట్టిన బిడ్డ పది రోజులకే చనిపోయాక ఆమెకు ఈ చదువు పట్టుదల వచ్చింది. ఆ పది రోజులకీ ఆ వార్డుకీ మధ్య నీ వ్యాసం ఉంది. మళ్ళీ రాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్ళు మునుపటిలా లేవు.