నాన్న కొన్న జాగ అమ్మితే పన్నెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్లాట్లు, పొలాల అమ్మకాల మీదే. కింది లెక్కలన్నీ 2026 మార్చి 31 లోపు జరిగే అమ్మకాలకు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుంది, సెక్షన్ల నంబర్లు మారతాయి. ఇక్కడ రాసినవి పాత నంబర్లే.

ప్రశ్న: హన్మకొండలో మా నాన్న 1996లో 18 వేలకు కొన్న 200 గజాల జాగ 2018లో ఆయన పోయాక నాకూ తమ్ముడికీ వచ్చింది. 2025 నవంబర్‌లో 40 లక్షలకు అమ్మినం. నాకు సొంతిల్లు లేదు. పన్ను ఎంత పడుతుంది? ఇల్లు కట్టుకుంటే తప్పుతుందా?

వారసత్వంగా వచ్చినప్పుడు పన్ను లేదు, అమ్మినప్పుడే. మీ నాన్న కొన్న తేదీయే మీకూ కొన్న తేదీ, కాబట్టి ఇది దీర్ఘకాలిక లాభం. (భూమి, ఇల్లు 24 నెలలు దాటితే దీర్ఘకాలికమే.)

ఆ 18 వేలను పక్కన పెట్టండి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి ఆ రోజు విలువనే కొన్న ధరగా తీసుకోవచ్చు. వాల్యుయర్ (ఆస్తి విలువ కట్టేవాడు) తన ఇష్టమొచ్చిన అంకె వేస్తే మాత్రం చెల్లదు. ఆనాటి రిజిస్ట్రేషన్ విలువ దొరికితే దాన్ని మించకూడదు. అందుకే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 2001 నాటి మార్కెట్ విలువ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. గజం 600 రూపాయలని వచ్చిందనుకుందాం. మొత్తం 1.2 లక్షలు, మీ వాటా 60 వేలు.

మీ వాటా అమ్మకం 20 లక్షలు, లాభం 19.4 లక్షలు. 12.5 శాతం చొప్పున 2,42,500, దాని మీద 4 శాతం సెస్సు 9,700. మొత్తం 2,52,200. 2024 జూలై 23కి ముందు చేతికొచ్చిన భూమికి పాత పద్ధతిలో, అంటే ద్రవ్యోల్బణ సూచీతో ధర పెంచి 20 శాతం కట్టే వీలూ ఉంది. మీ నాన్న కాలం నుంచే సూచీ వేసినా 60 వేలు 3.76 రెట్లై 2,25,600 అవుతుంది, పన్ను సెస్సు కాకుండానే 3,54,880కి చేరుతుంది. మీకు 12.5 శాతమే మేలు. 2001 నుంచి చేతిలో ఉన్న ఆస్తి ఆనాటి విలువకు సుమారు 8.36 రెట్ల కంటే తక్కువకు అమ్ముడైతేనే పాత పద్ధతి గెలుస్తుంది. వరంగల్ ప్లాట్లలో అది అరుదు. పదేళ్ల కింద కొన్న ఫ్లాట్ల సంగతి వేరు: 2015-16లో 30 లక్షలకు కొని ఇప్పుడు 48 లక్షలకు అమ్మితే, 12.5 శాతంతో 2.25 లక్షలు కట్టాలి, సూచీతో 72 వేల లోపే.

ఇంటి విషయం. ఇది ప్లాటు కాబట్టి మీకు వర్తించేది సెక్షన్ 54ఎఫ్ (ఇల్లు కాని ఆస్తి అమ్మి ఇల్లు కొంటే, కడితే మినహాయింపు). ఇక్కడే చాలామంది పొరపడతారు. లాభం పెడితే చాలదు, అమ్మిన సొమ్ము మొత్తం పెట్టాలి. 20 లక్షల్లో 10 లక్షలే ఇంటికి పెడితే సగం లాభానికే, అంటే 9.7 లక్షలకే మినహాయింపు. కట్టేదైతే 2028 నవంబర్ లోపు పూర్తి కావాలి, కొనేదైతే 2027 నవంబర్ లోపు. 2026 జూలై 31 నాటికి ఖర్చు కాని డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్ లెక్కలోకి రాదు. గ్రామీణ శాఖల్లో ఈ ఖాతా తెరవరు, హన్మకొండ శాఖల్లో అడగండి. ఇల్లు మీ పేరునే ఉండనివ్వండి. కొడుకు పేరున కట్టి వివాదంలో పడ్డవాళ్లున్నారు.

ఇల్లు వద్దనుకుంటే ఆరు నెలల్లోపు 54ఈసీ బాండ్లు (ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ వంటివి), గరిష్ఠంగా 50 లక్షలు, ఐదేళ్లు కదపడానికి లేదు. ఇందులో లాభం మేరకు పెడితే చాలు.

ఇంకొకటి. డబ్బంతా తమ్ముడి ఖాతాలో పడితే ఆయన పాన్ మీదే లెక్క కనిపిస్తుంది. ఎవరి వాటా చెక్కు వాళ్ల పేరునే తీసుకోవాలి. ఇద్దరూ వేర్వేరుగా ఐటీఆర్-2 రిటర్ను ఫారం వేయాలి.

ప్రశ్న: కొనేవాళ్లు దస్తావేజులో ప్రభుత్వ విలువ 16 లక్షలే రాయిద్దాం, మిగతాది నగదు ఇస్తం అంటున్నరు. పన్ను తగ్గుతది కదా?

ఒప్పుకోవద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకుమించి నగదు తీసుకోకూడదు, బయానా అయినా సరే. తీసుకున్నవాళ్లకు ఆ మొత్తమంత జరిమానా పడొచ్చు. పైగా లెక్కలో లేని ఆ నగదుతో కట్టిన ఇంటికి మినహాయింపు అడగలేరు.

ప్రశ్న: ధర్మసాగర్ మండలంలో ఎకరం ఇరవై గుంటలు అమ్మిన. వ్యవసాయ భూమికి పన్ను లేదంటరు. నిజమేనా?

ఊరి భూమైతే నిజమే, మరి ఊరి భూమా కాదా తేల్చేది దూరం. కార్పొరేషన్ హద్దు నుంచి వైమానిక దూరం, అంటే తిన్నగా గీసిన గీత, 6 కిలోమీటర్లు దాటాలి. వరంగల్ జనాభా లక్షకూ పది లక్షలకూ మధ్య ఉంది కాబట్టి 6. నర్సంపేట, పరకాల లాంటి చిన్న మున్సిపాలిటీలకు 2 చాలు. రోడ్డు కిలోమీటర్లు చూసి ఊరట పడొద్దు, గీత ఎప్పుడూ రోడ్డు కంటే పొట్టిదే. తహసీల్దార్ నుంచి దూరం సర్టిఫికెట్, పహాణీ, పట్టా పాస్‌బుక్ నకళ్లు దాచుకోండి. 30 లక్షలు, ఆపై రిజిస్ట్రేషన్ల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు వాటంతటవే వెళ్తాయి. నోటీసు వస్తే జవాబు ఆ కాగితాలే.

నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్పు) చేయించి గుంటల్లో కాక గజాల్లో అమ్మితే వ్యవసాయ భూమి అనడం కష్టం. హద్దులోపలి పొలమైతే, అమ్మడానికి ముందు రెండేళ్లు మీరో మీ తల్లిదండ్రులో సాగు చేసి ఉంటే, లాభాన్ని రెండేళ్లలోపు మరో పొలంలో పెట్టి 54బి కింద మినహాయింపు పొందొచ్చు.

ప్రశ్న: కాజీపేటలో ఉంటాను. ఏడాదికి వేరే ఆదాయం రెండున్నర లక్షలే. ప్లాటు మీద లాభం 6 లక్షలు. 12 లక్షల దాకా పన్ను లేదు కదా?

ఆ రిబేటు (పన్ను మాఫీ) దీర్ఘకాలిక మూలధన లాభానికి, అంటే ఇలా ఆస్తి అమ్మితే వచ్చే లాభానికి, వర్తించదు. కొత్త విధానంలో 4 లక్షల ప్రాథమిక పరిమితిలో మీకు మిగిలిన 1.5 లక్షలు మాత్రం లాభంలోంచి తీసేస్తారు. మిగతా 4.5 లక్షల మీద 56,250, సెస్సుతో 58,500. మీకు 60 దాటి, వ్యాపార ఆదాయం లేకపోతే ముందస్తు పన్ను అక్కర్లేదు. రిటర్ను వేసేటప్పుడు కడితే చాలు.

ప్రశ్న: షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద?

ఏడాది దాటితే 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, పైన 12.5 శాతం. ఏడాది లోపైతే 20 శాతం. నష్టం వచ్చిందని రిటర్ను మానేయొద్దు. గడువులోగా వేస్తేనే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా రాబోయే లాభాల్లో తగ్గించుకోవచ్చు.