చాంతాడంత మెథడ్‌ని ఎక్కడ కోయాలి?

తమ్ముడూ,

నువ్వు పంపిన ప్రాసెస్‌ఆర్డర్ మెథడ్ మొదటి నుంచి చివరిదాకా చదివాను. 214 లైన్లు, కొండవీటి చాంతాడే. రివ్యూలో "దీన్ని 30 లైన్ల ముక్కలు చెయ్యి" అన్నారని రాశావు. ఆ మాట పట్టుకుని 30 దగ్గర ఒక గీత, 60 దగ్గర ఒక గీత గీసుకుంటూ పోతే లింటర్ (కోడ్‌లో లోపాలు ఎత్తిచూపే టూల్) నోరు మూసుకుంటుంది. చదివేవాడి కష్టం మాత్రం పెరుగుతుంది. ఇదివరకు పైనుంచి కిందికి చదివేవాడు, ఇకమీదట ఎనిమిది చోట్లకి గెంతుతూ అదే చదవాలి.

కోత ఎక్కడ పెట్టాలో వేరియబుల్స్‌ని అడుగు. ఏదో ఒక లైను దగ్గర ఆగి, పైన విలువ పడి కింద ఇంకా వాడబోయేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. నీ మెథడ్‌లో 120వ లైను దగ్గర 11 తేలాయి. అక్కడ చదువుతున్నవాడు ఆ 11నీ బుర్రలో మోస్తున్నాడన్నమాట. 40వ లైను దగ్గర రెండే ఉన్నాయి: ఆర్డరు, కస్టమరు. కోత 40 దగ్గర పెట్టాలి, 120 దగ్గర కాదు. నేను కింద చెప్పే పనులన్నీ ఆ లెక్కని తగ్గించడానికే.

టూల్స్ చూపించే అంకెల గురించి కాస్త. సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీని 1976లో థామస్ మెకేబ్ ప్రతిపాదించాడు. మెథడ్‌లోని నిర్ణయాలు, అంటే ఇఫ్‌లు, లూపులు, కేస్‌లు లెక్కపెట్టి ఒకటి కలిపితే వచ్చేదే అది. చాలా టూల్స్ ఆండ్, ఆర్ గుర్తుల్ని కూడా లెక్కలో వేస్తాయి. ఆయన పెట్టిన హద్దు 10. పీఎండీ, చెక్‌స్టైల్ అనే కోడ్ తనిఖీ టూల్స్ ఇప్పటికీ డిఫాల్ట్‌గా అదే వాడతాయి, జావాస్క్రిప్ట్ లింటర్ ఈఎస్‌లింట్ 20 దాకా ఊరుకుంటుంది. పెద్ద కేస్ జాబితా ఉన్న చోట ఈ హద్దు అన్యాయంగా తోస్తుందని మెకేబే తన వ్యాసంలో మినహాయింపు ఇచ్చాడు. 12 కేస్‌లున్న చదునైన స్విచ్‌కి స్కోరు 13 వచ్చినా, దాన్ని చదవడానికి ఎవరికీ తల బద్దలవదు. సోనార్‌క్యూబ్ చూపించే కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ వేరే లెక్క. అది స్విచ్ మొత్తానికి ఒకటే వేస్తుంది గానీ, ఒకదాని లోపల ఒకటి దూరిన ఇఫ్‌లకి లోతు కొద్దీ ఎక్కువ వేస్తుంది. అక్కడ డిఫాల్ట్ హద్దు 15. నీకు రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

కోడ్ ముట్టుకునే ముందు టెస్టులు. ఈ మెథడ్ ఏం చెయ్యాలో రాసే టెస్టులు కావు, ఇవాళ ఏం చేస్తోందో పట్టి ఉంచే టెస్టులు. ఒక ఆర్డర్ ఇవ్వు, వచ్చిన ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఫైల్లో రాసిపెట్టు, అదే టెస్ట్ ఆశించే విలువ. ఖాళీ ఆర్డరు, ఒకే వస్తువు, స్టాక్ లేని వస్తువు, డిస్కౌంట్ హద్దుకి సరిగ్గా మీద ఉన్న మొత్తం, దానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, ఇలా పేర్చు. తర్వాత కవరేజ్ టూల్ (టెస్టులు ఎంత కోడ్‌ని నడిపాయో చెప్పేది) పెట్టి, లైన్ల శాతం వదిలేసి బ్రాంచ్‌ల, అంటే ఇఫ్‌ల దగ్గర చీలే దారుల శాతం చూడు. మెథడ్ మధ్యలో ప్రస్తుత సమయాన్ని పిలిచే లైను ఒకటుంది (88వది). అది ఉన్నంతకాలం ఫలితం పూటకోలా మారుతుంది, అందుకని సమయాన్ని బయటినుంచి పారామీటర్‌గా ఇచ్చేటట్టు ముందు మార్చు. టెస్టులు లేకుండా చెయ్యదగ్గ మార్పు ఈ ఒక్కటే. ఈ దశలో బగ్ కనిపిస్తే చెయ్యి దురద పెడుతుంది. దిద్దకు. కాగితం మీద రాసుకో, టెస్ట్‌లో ఆ తప్పు ఫలితాన్నే ఉంచు.

ఇప్పుడు మొదటి 40 లైన్లు. ఐదు తనిఖీలు ఒకదాని కడుపులో ఒకటి ఉన్నాయి: ఆర్డర్ నల్ కాకపోతే, కస్టమర్ ఉంటే, ఖాతా చెల్లుబాటులో ఉంటే, వస్తువులు ఉంటే, చిరునామా ఉంటే. కాగ్నిటివ్ లెక్కలో ఇవి 1+2+3+4+5, మొత్తం 15, ఎల్స్‌లు కాక. వీటిని తిరగేసి, "లేకపోతే ఇక్కడే వెనక్కి వెళ్ళు" అనే ఐదు గార్డ్ క్లాజులుగా ఎడమ అంచుకి తెస్తే స్కోరు 5కి దిగుతుంది. సైక్లోమాటిక్ మాత్రం ఇసుమంత కూడా కదలదు, నిర్ణయాలు ఐదూ ఐదే కదా. అంకె కదలకపోయినా కోడ్ బాగుపడిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక్కడ చెడేవి మూడున్నాయి. షరతు తిరగేసేటప్పుడు "అదీ ఇదీ" అన్నది "అది కాదు, లేదా ఇది కాదు" అవుతుంది. మధ్యలో ఆండ్‌ని అలాగే వదిలేయడం అందరూ చేసే పొరపాటు. రెండోది, తనిఖీల వరస. రెండు తప్పులున్న ఆర్డర్‌కి ఇవాళ ఏ ఎర్రర్ ముందొస్తోందో రేపూ అదే రావాలి, కాబట్టి బయటి ఇఫ్ మొదటి గార్డ్ కావాలి. మూడోది కనిపించకుండా కరుస్తుంది: నీ మెథడ్ 3వ లైనులో లాక్ (అదే డేటాని ఇంకెవరూ ముట్టకుండా వేసే తాళం) తీసుకుని 212లో వదులుతోంది. మధ్యలో రిటర్న్ పెట్టావంటే లాక్ వదిలే లైను దాకా కంట్రోల్ చేరదు. ముందు ఆ లాక్‌ని ట్రై-ఫైనల్లీలోకి మార్చి (మధ్యలో వెనక్కి వెళ్ళినా ఫైనల్లీ ముక్క నడుస్తుంది), తర్వాతే గార్డ్‌లు రాయి.

ఆ తర్వాత పైన వరసగా ప్రకటించిన వేరియబుల్స్‌ని ఒక్కొక్కటీ మొదటిసారి వాడే చోటికి దించు. విసుగు పుట్టించే పనే, కానీ అయ్యాక కోతలు ఎక్కడ పెట్టాలో కంటికి కనిపించడం మొదలవుతుంది. దించుతుండగా టోటల్ దగ్గర ఆగిపోతావు. 60వ లైనులో అది వస్తువుల ధరల మొత్తం, 117లో డిస్కౌంట్ పోగా మిగిలింది, 131లో పన్ను కలిపింది. మూడు విలువలు ఒకే పేరుతో తిరుగుతున్నాయి. మూడింటికీ మూడు పేర్లు పెట్టి, ఒక్కోదానికి ఒక్కసారే విలువ ఇవ్వు. జావాలో ఫైనల్, జావాస్క్రిప్ట్‌లో కాన్‌స్ట్ తగిలించావంటే, ఎక్కడైనా మర్చిపోయి మళ్ళీ విలువ వేసి ఉంటే టూలే పట్టిస్తుంది. నా లెక్కలో మొత్తం పనిలో ఎక్కువ లాభం ఇచ్చేది ఈ అడుగే. పుస్తకాలు దీన్ని రెండు పేజీల్లో దాటేస్తాయి.

41 నుంచి 110 వరకూ ఉన్న లూప్ ఒక్క తిరుగుడులో మూడు పనులు చేస్తోంది: ధరలు కూడడం, స్టాక్ చూడడం, బరువు లెక్కించడం. మూడు లూపులు చెయ్యి. "మూడుసార్లు తిరిగితే నెమ్మదించదా?" అని అడుగుతావు. 50 వస్తువుల జాబితాని మూడుసార్లు తిరగడం కొలిచినా దొరకని ఖర్చు. అయితే రెండు చూసుకో. లూప్ లోపల డేటాబేస్ పిలుపు ఉంటే దాన్ని రెండు లూపుల్లోనూ పెట్టకు. ఇంకొకటి, తిరిగేది అసలు జాబితాయేనా? పైథాన్ జనరేటర్ (విలువల్ని ఒక్కొక్కటిగా, ఒక్కసారే ఇచ్చేది) అయితే మొదటి లూప్‌లోనే అయిపోయి, రెండో లూప్ చప్పుడు చెయ్యకుండా సున్నా ఇస్తుంది. జావా స్ట్రీమ్ కనీసం ఎక్సెప్షన్ విసిరి చెబుతుంది.

లెక్కల కోడ్ విడదీసేటప్పుడు రౌండింగ్ ఎక్కడ జరుగుతోందో చూడు. ఒక్కో వస్తువు మీద పన్ను 2.334 అనుకో. మూడు వస్తువులకి విడివిడిగా రెండు స్థానాలకి సవరించి కూడితే 6.99, ముందు కూడి తర్వాత సవరిస్తే 7.00. రౌండింగ్ లైను లూప్ లోపల్నుంచి బయటికి జారితే చాలు, ఇన్‌వాయిస్‌లు తేడా కొడతాయి. ఒకే వస్తువున్న ఆర్డర్‌తో రాసిన టెస్ట్‌కి ఇది దొరకదు.

ఇంతదాకా వస్తే మెథడ్ వేరు చెయ్యడం చివరి చిన్న పని. వేరు చేయబోయే ముక్కలోకి పైనుంచి వచ్చేవి పారామీటర్లు, లోపల మారి కింద వాడబడేవి రిటర్న్ విలువలు. రిటర్న్ ఒకటైతే కోత సరైన చోట పడింది. రెండు, మూడు విలువలు బయటికి రావాల్సి వస్తే గీతని నాలుగు లైన్లు పైకో కిందికో జరిపి చూడు. అయినా కుదరకపోతే ఆ విలువలు నిజంగా కలిసి ఉండాల్సినవేమో, వాటికి ఒక చిన్న క్లాస్ కట్టు. చేత్తో కాపీ-పేస్ట్ చెయ్యకు. ఇంటెల్లిజే ఐడియాలో ఆ లైన్లు సెలెక్ట్ చేసి కంట్రోల్-ఆల్ట్-ఎమ్, ఎక్లిప్స్‌లో ఆల్ట్-షిఫ్ట్-ఎమ్. ముక్క మధ్యలో బ్రేక్, కంటిన్యూ ఉంటే టూల్ మొరాయించవచ్చు. దాని మొరాయింపు విను, కోత తప్పని చెబుతోంది.

పారామీటర్లు ఏడు, ఎనిమిది అయ్యేసరికి కొత్తవాళ్ళంతా ఒక అడ్డదారి తొక్కుతారు: లోకల్ వేరియబుల్స్ అన్నింటినీ క్లాస్ ఫీల్డులు చేసేస్తారు. పారామీటర్లు మాయం, మెథడ్లు పొట్టి, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఇప్పుడు ఏ మెథడ్ ముందు పిలవాలో కోడ్‌లో ఎక్కడా కనిపించదు. పైగా స్ప్రింగ్ (జావా ఫ్రేమ్‌వర్క్) సర్వీసులు డిఫాల్ట్‌గా సింగిల్‌టన్‌లు, ఒకే ఆబ్జెక్ట్ అన్ని రిక్వెస్టులకీ పని చేస్తుంది. ఒకే క్షణంలో రెండు ఆర్డర్లు వస్తే ఒకరి మొత్తం ఇంకొకరి బిల్లులో పడుతుంది. నీ మెషిన్ మీద ఒక్కడివే పరీక్షిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. ఫీల్డులు తప్పదనుకుంటే, ప్రతి పిలుపుకీ కొత్తగా పుట్టి పని అవగానే పోయే వేరే ఆబ్జెక్ట్‌లో పెట్టు.

స్ప్రింగ్ మాట వచ్చింది కనుక ఇదీ విను. డేటాబేస్‌లో రాసే ముక్కని అదే క్లాస్‌లో కొత్త మెథడ్‌గా తీసి, దాని నెత్తిన ట్రాన్సాక్షనల్ యానొటేషన్ (రాతలన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే గుర్తు) పెడితే మామూలు సెటప్‌లో అది పని చెయ్యదు. ట్రాన్సాక్షన్ తెరిచేది బయట ఉన్న ప్రాక్సీ (పిలుపుల్ని ముందుగా అందుకునే ఆబ్జెక్ట్), అదే క్లాస్ లోపలి పిలుపు ప్రాక్సీ గుండా వెళ్ళదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు.

పేర్ల దగ్గర బద్ధకించకు. ప్రాసెస్‌పార్ట్2, హ్యాండిల్‌డేటా లాంటివి తప్ప వేరే పేరు తట్టకపోతే ఆ ముక్కకి సొంత పని లేదు, వెనక్కి కలిపేసి ఇంకోచోట కోయి. గెట్‌డిస్కౌంట్ అనే మెథడ్ లోపల లాగ్ టేబుల్‌లో ఒక అడ్డు వరస రాస్తుంటే ఆ పేరు అబద్ధం. ఎవరో దాన్ని షరతులో రెండుసార్లు పిలుస్తారు, రెండు వరసలు పడతాయి. ట్రూ, ఫాల్స్ పారామీటర్‌తో రెండు దారులు పట్టే మెథడ్‌ని రెండు మెథడ్లు చెయ్యి.

చిన్న మెథడ్లు ఎక్కువైతే నెమ్మదిస్తుందని మీ టీమ్‌లో ఎవరో అన్నారని రాశావు. జావా ప్రోగ్రాముల్ని నడిపే హాట్‌స్పాట్ జేవీఎం డిఫాల్ట్‌గా 35 బైట్ల లోపు బైట్‌కోడ్ (జావా కంపైలర్ తయారుచేసే కోడ్) ఉన్న మెథడ్‌ని పిలిచిన చోటే కలిపేస్తుంది, తరచుగా నడిచేదైతే 325 బైట్ల దాకా. దానికి భిన్నంగా, 8000 బైట్లు దాటిన మెథడ్‌ని మెషిన్ కోడ్‌గా అసలు కంపైలే చెయ్యదు, ఇంటర్‌ప్రెటర్‌లోనే ఈడుస్తుంది. నెమ్మది భయం ఉండాల్సింది పొడుగు మెథడ్ రాసేవాడికి.

కమిట్లు చిన్నవి. ఒక ముక్క వేరు చేశావా, టెస్టులు నడుపు, కమిట్ చెయ్యి. టెస్ట్ పడిపోతే డీబగ్గర్ తెరవకు, ఆ పది నిమిషాల పని పారేసి మళ్ళీ మొదలుపెట్టు. తిరిగి చెయ్యడమే త్వరగా అవుతుంది. రీఫ్యాక్టరింగ్ (ప్రవర్తన మారకుండా కోడ్ రూపం మార్చడం) కమిట్‌లో బగ్ దిద్దుబాటు కలపకు. కలిపితే రేపు గిట్ బైసెక్ట్ (బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో వెతికేది) ఆ కమిట్ దగ్గర ఆగినప్పుడు, తప్పు చోటు మారిన కోడ్‌దా, దిద్దిన కోడ్‌దా తేల్చలేవు. రివ్యూ చేసేవాళ్ళకి గిట్ డిఫ్‌లో కలర్-మూవ్డ్ ఆప్షన్ చెప్పు, కేవలం చోటు మారిన లైన్లు వేరే రంగులో కనిపిస్తాయి.

మీ రిపాజిటరీలో ఇంకో పొడుగు మెథడ్ చూశాను, రిపోర్ట్ ఫీల్డులు 80 వరసగా నింపేది. దాన్ని వదిలెయ్యి. ఒక్క ఇఫ్ లేదు, కాంప్లెక్సిటీ 1, గిట్ లాగ్ ప్రకారం రెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. తరచుగా మారే ఫైళ్ళలో ఉన్న చిక్కు కోడ్ మీదే శ్రమ పెట్టు.

ఇక మిగిలింది 151 నుంచి 214. అక్కడ ఆర్డర్ సేవ్ కాకముందే కస్టమర్‌కి మెయిల్ వెళ్ళిపోతోంది. సేవ్ విఫలమైతే, లేని ఆర్డర్‌కి ధ్రువీకరణ అందుతుంది. వరస మార్చాలని నీకు అనిపిస్తుంది, మార్చాల్సిందే. కానీ అది ప్రవర్తన మార్పు, రీఫ్యాక్టరింగ్ కాదు. సేవ్‌ని ఒక మెథడ్, మెయిల్‌ని ఒక మెథడ్ చేసి ఇప్పుడున్న వరసలోనే పిలువు. వరస మార్పుకి వేరే టికెట్ తెరిచి, ఆ మెయిల్ మీద ఇంకేదైనా ఆధారపడి ఉందేమో టీమ్‌లో అడిగాకే చెయ్యి. మొదటి 40 లైన్ల పని అయ్యాక ఆ డిఫ్ పంపు, చూస్తాను.

ఇట్లు,
మీ అన్న