కొత్త మోడల్ కారు కోసం ఎఫ్‌డీ బద్దలు కొట్టకండి

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి. ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, చేతికి 46,000 వస్తుంది. మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుట్టి 14,000 దాకా తెస్తుంది. ఇంటి ఖర్చులు, పాప ఫీజు, నాన్న మందులు పోను నెలకు 17,000 మిగులుతోంది. నాన్నకు స్టెంట్ వేశారు, నెలకోసారి విశాఖ తీసుకెళ్ళాలి. అందుకని మూడు నెలల క్రితమే వచ్చిన ఒక టర్బో ఆటోమేటిక్ ఎస్‌యూవీని 11,000 కట్టి బుక్ చేశాను. ఆన్ రోడ్ 13 లక్షలు. ఎఫ్‌డీ 2.40 లక్షలు తీసేసి, గోల్డ్ లోన్ 1.60 లక్షలు పెట్టి, మిగతా 9 లక్షలు ఏడేళ్ళ లోన్‌గా 9.5 శాతానికి తీసుకుందామనుకుంటున్నాను. దానికి 5 స్టార్ రేటింగ్ ఉంది. సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదు. ఇంత సూటిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ నెల నాకు ఇలాంటి ఉత్తరాలు చాలా వచ్చాయి, ఊరు మారుతోంది, కారు పేరు మారుతోంది, తప్పు మాత్రం అదే. ఉన్న కాస్త సొమ్మూ ఊడ్చిపెట్టి, ఇంకా ఎవరూ సరిగ్గా ఏడాది కూడా నడపని బండి కొనడం. ఈ రెండింటిలో ఏదో ఒకటి చేస్తే ఎలాగోలా బయటపడొచ్చు, రెండూ కలిపి చేస్తేనే కొంప మునుగుతుంది.

ముందు మీ లెక్కే చూద్దాం. 9 లక్షలకు ఏడేళ్ళంటే ఈఎంఐ దాదాపు 14,700. గోల్డ్ లోన్ వడ్డీ ఇంకో పదిహేను వందలు. మీకు మిగిలే 17,000లో ఇక మిగిలేది ఎనిమిది వందలు. మరి పెట్రోలు? మీ ఉత్తరంలో పెట్రోలు అన్న మాటే లేదండీ! ఆంధ్రా కన్నా ఒడిశాలో పెట్రోలు చవకే, ఒప్పుకుంటాను, అయినా నెలకోసారి విశాఖ వెళ్ళొచ్చి ఊళ్ళో కాస్త తిరిగితే నాలుగు వేలకు తగ్గదు. రెండో ఏడాది నుంచి ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి బీమా) ప్రీమియం, సర్వీసు, టైర్లు. అంటే కారు ఇంటి ముందుకొచ్చిన మొదటి నెల నుంచే మీరు క్రెడిట్ కార్డు గీకాలి. మూడేళ్ళు కిస్తీలు కట్టాక కూడా అసలు ఇంకా 5.85 లక్షలు బాకీ ఉంటుంది.

ఇక బండి సంగతి. కొత్త మోడల్ అంటే నాకు పగేమీ లేదు, కానీ మొదటి ఏడాది బళ్ళలో లోపాలు బయటపడేది కొన్నవాళ్ళ చేతుల్లోనే. మహీంద్రా స్కార్పియో-ఎన్ డెలివరీలు 2022 సెప్టెంబరు చివర్లో మొదలయ్యాయి, అదే ఏడాది ముగిసేలోపే క్లచ్ దగ్గరి రబ్బరు తొడుగు (బెలో) తనిఖీ కోసం 6,618 మాన్యువల్ బళ్ళను వెనక్కి పిలిచారు. అదే సెప్టెంబరులో వచ్చిన గ్రాండ్ విటారా కూడా 2023 జనవరిలో మారుతి వెనక్కి పిలిచిన 17,362 కార్లలో ఉంది, అక్కడ సమస్య ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్. వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం మంచి పనే, దాన్ని తప్పుపట్టను. ఇవి పెద్ద కంపెనీలు, ఊరూరా సర్వీసు సెంటర్లున్నవి. మీరు బుక్ చేసిన కంపెనీకి మీ జిల్లాలో వర్క్‌షాపే లేదని మీరే రాశారు, శ్రీకాకుళం వెళ్ళాలి, లేదంటే బరంపురం.

మీరు పంపిన బ్రోచర్లో గేర్‌బాక్స్ డ్రై డ్యూయల్ క్లచ్ అని ఉంది, అంటే రెండు పొడి క్లచ్‌లతో నడిచే ఆటోమేటిక్. నూనెలో మునిగి ఉండే క్లచ్‌లా కాదు, దీన్ని చల్లార్చేది గాలే. హైవే మీద హాయిగా పోతుంది. ఎత్తు మీద, ముందు లారీ పాకుతుంటే మనమూ దాని వెనక పాకుతూ ఆగుతూ పోతే క్లచ్ సగం పట్టీ పట్టక జారుతూ వేడెక్కుతుంది. రాయగడలో నా దగ్గర సలహా తీసుకునే ఒకాయన ఇలాంటిదే మొదటి బ్యాచ్‌లో కొన్నాడు, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇంటిల్లిపాదీ బరంపురం నుంచి తిరిగొస్తుంటే తప్తపాణి ఘాట్‌లో మలుపు మీద డ్యాష్‌బోర్డులో ఎర్ర అక్షరాలు, ట్రాన్స్‌మిషన్ వేడెక్కింది, బండి ఆపండి అని. ఎక్కడ ఆపుతాడు? వెనక బస్సు హారన్, పక్కన లోయ. కొడుకు దిగి వెనక చక్రాల కింద రాళ్ళు పెట్టాడట. ఆ తర్వాత బండి దాదాపు నెల వర్క్‌షాపులో ఉంది, విడిభాగం రావాలన్నారు. వారంటీ కాబట్టి రిపేరుకు పైసా పడలేదు, నిజమే. కానీ ఆ నెలంతా అద్దె కార్లకు అయిన ఖర్చు ఎవరిస్తారు? ఆయన దగ్గర ఎమర్జెన్సీ ఫండ్ ఉంది కాబట్టి తిట్టుకుంటూ కట్టాడు. మీ దగ్గర ఏముంటుంది? ఎఫ్‌డీ కారులోకి పోయింది, బంగారం బ్యాంకులో ఉంది, ఎనిమిది వందలున్నాయి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. అది గుద్దుకుంటే, దొంగతనమైతే. గేర్‌బాక్స్ దానంతట అది పోతే ఆ పాలసీ పైసా ఇవ్వదు. 5 స్టార్ కూడా అంతే, గుద్దుకున్నప్పుడు లోపలివాళ్ళు ఎంత భద్రమో చెబుతుంది, అది చాలా అవసరం, నేను కాదనను, కానీ ఆ గేర్‌బాక్స్ ఎన్నేళ్ళు ఉంటుందో ఏ స్టారూ చెప్పదు. లోపాల బండి అంటగట్టారని కంపెనీ మీదికి వెళ్ళాలంటే, అమెరికాలోలా ప్రత్యేకంగా లెమన్ చట్టం మనకు లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అదొక్కటే సుఖం. తయారీ లోపమని నిపుణుడి రిపోర్టుతో రుజువు చేసుకునే భారం మాత్రం మామూలుగా మీ నెత్తినే పడుతుంది, ఈలోపు ఈఎంఐ ఆగదు.

గోల్డ్ లోన్ గురించి రాస్తుంటేనే నాకు చిరాకేస్తోంది. ఏడాదికోసారి వడ్డీ కట్టి రెన్యువల్ చేయిస్తానన్నారు. ఎన్నేళ్ళు? రోజురోజుకీ విలువ పడిపోయే వస్తువు కోసం, మీ ఆవిడ మెడలో గొలుసు తీసుకెళ్ళి తాకట్టు పెట్టడమేమిటండీ? నాన్నగారికి అర్ధరాత్రి గుండె పట్టేసినట్టైతే గంటలో డబ్బు పుట్టించేది ఆ బంగారమే. దాన్ని డౌన్ పేమెంట్‌కి వాడేస్తే ఆ రాత్రి ఎవరి తలుపు కొడతారు?

మీ ఇంటి ఖర్చు 43,000. ఆరు నెలలకు 2.58 లక్షలు. మీ ఎఫ్‌డీ 2.40 లక్షలు, అంటే దాదాపుగా అదే మీ ఎమర్జెన్సీ ఫండ్, మీకు తెలియకుండానే కూడబెట్టేశారు. స్టెంట్ వేసిన మనిషి ఉన్న ఇల్లు, ఒకటి ప్రైవేటు ఉద్యోగం, ఒకటి కుట్టుమిషన్ ఆదాయం, ఆషాఢంలో గిరాకీ ఉండదని మీరే అన్నారు. ఇలాంటి ఇంట్లో ఆ ఎఫ్‌డీ మీద చెయ్యి పడకూడదు. కారు కొన్నాక అది ఇంకో యాభై వేలు పెరగాలి గానీ తగ్గకూడదు.

మరి కారు వద్దా? నాన్నగారి కోసం కావాలి, అర్థమైంది. కిస్తీకీ గోల్డ్ లోన్ వడ్డీకీ పోయేదనుకున్న ఆ 16,000 ఈ నెల నుంచే ఆర్‌డీలో వేయండి, ఈఎంఐ కడుతున్నట్టే అనుకోండి. చెకప్‌కి మామూలుగా వెళ్ళేదైతే గుణుపురం-విశాఖ పాసింజర్ ఉంది, ఒంట్లో బాగోకపోతే ట్యాక్సీ. ట్యాక్సీ మాట్లాడుకున్న నెల ఆర్‌డీ కట్టడం బరువనిపిస్తే, రేపు ఈఎంఐ కూడా అలాగే బరువవుతుందని ఇప్పుడే తెలిసిపోతుంది. 14 నెలల్లో 2.24 లక్షలు, పైన వడ్డీ. దానికి 5 లక్షల లోన్ ఐదేళ్ళకు కలిపితే ఈఎంఐ 10,500, ఏడు లక్షల పైచిలుకు బండి వస్తుంది, పెట్రోలుకూ మిగులుతుంది, గొలుసు గొలుసులాగే ఉంటుంది. ఇంకో లాభం, ఈ 14 నెలల్లో ఆ కొత్త ఎస్‌యూవీ బండారం కూడా బయటపడుతుంది. అప్పటికీ మంచి పేరుంటే నేనేమీ అడ్డు చెప్పను, మీ బడ్జెట్‌లో దాని కింది వేరియంట్ చూసుకోండి.

ఏది కొన్నా కనీసం రెండేళ్ళుగా అమ్ముతున్న మోడల్, అంతకంటే పాత ఇంజిను, మాన్యువల్ లేదా టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్, పర్లాకిమిడిలోనో పాతపట్నంలోనో విప్పి బిగించగల మెకానిక్ ఉన్న బండి చూడండి. బస్టాండు దగ్గర ట్యాక్సీవాళ్ళు ఏ బళ్ళు నడుపుతున్నారో ఒకసారి చూస్తే చాలు, బండి ఒక్కరోజు ఆగినా వాళ్ళకు పొయ్యి వెలగదు, అందుకే వాళ్ళు సన్‌రూఫ్ చూసి కొనరు. కంపెనీ దేశంలో నిలిచేదేనా అన్నదీ చూసుకోండి: 2017లో షెవర్లే, 2021లో ఫోర్డ్, 2022లో డాట్సన్ మన దగ్గర మూసేశాయి, వాటిని కొన్నవాళ్ళు అమ్మబోతే ఎంతకు అడిగారో మీ చుట్టాల్లో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కూడా పరవాలేదు, సర్వీసు రికార్డు మొత్తం ఉంటేనే. ఎలక్ట్రిక్ మీ విశాఖ ప్రయాణాలకు ఇప్పుడే వద్దు. మీ పేరున టర్మ్ పాలసీ లేదని రాశారు, కారు కన్నా ముందు అది. నాన్నగారికి 70 నిండి ఉంటే ఆదాయంతో పని లేకుండా ఆసుపత్రి వైద్యానికి పనికొచ్చే ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు, ఆధార్ పట్టుకెళ్ళి వెంటనే చేయించండి.

బుకింగ్ 11,000 సంగతి: ఇన్వాయిస్ ఇంకా కాలేదు కాబట్టి రద్దు చేయమని ఈ వారమే ఈమెయిల్ పెట్టండి, సేల్స్‌మన్‌కి ఫోన్లో చెబితే లెక్కలోకి రాదు. రసీదు వెనక రద్దు షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి, చదవండి. వెయ్యో రెండు వేలో కోసుకుంటామంటే కోసుకోనివ్వండి.