లెన్సుల చీటీ సంగతి తరువాత, ముందు ఆ కన్ను చూపించండి

ప్రశ్న: మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు. భీమవరంలో హాస్టల్‌లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. రెండు కళ్లకూ మైనస్ 5 పవర్. కళ్లజోడు చీటీ చూపిస్తే ఆప్టికల్ షాపులో కాంటాక్ట్ లెన్సులు ఇచ్చారు. చట్టప్రకారం వాటిని ఎవరు రాయాలి? మూడు రోజులుగా కుడి కన్ను ఎర్రగా ఉంది, వెలుగు చూడలేకపోతోంది. మా నాన్నగారి శుక్లాల ఆపరేషన్ అప్పటి చుక్కలు వేస్తున్నాం.
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: మీరు అడిగింది చట్టం గురించే అయినా, చివరి రెండు వాక్యాలే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నాయి. లెన్సులు వాడేవారికి కన్ను ఎర్రబడి వెలుగు భరించలేని స్థితి వస్తే, కాదని పరీక్షలో తేలేవరకు నల్లగుడ్డు మీద పుండు ఉన్నట్లే అనుమానించాలి. ఉత్తరం చూసి రోగ నిర్ధారణ చేయలేను కనుక అది పుండేనని చెప్పడం లేదు. అయితే ఈ రోజే రెండు లెన్సులూ తీయించి, అమ్మాయిని నేత్రవైద్యులకు చూపించండి. తీసిన లెన్సులను, వాటి డబ్బాను, సొల్యూషన్ సీసాను పారవేయకుండా వెంట తీసుకువెళితే, అవసరమైతే వాటినీ ల్యాబుకు పంపి ఏ క్రిమి కారణమో తెలుసుకునే వీలుంటుంది.

ఇక ఆ చుక్కలు వేయడం ఆపండి. శుక్లాల ఆపరేషన్ తరువాత ఇచ్చే చుక్కల్లో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది. సీసా మీద డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి పేరు ఉందేమో చూడండి. అది ఎరుపునూ నొప్పినీ అణచి రెండు రోజులు హాయిగా ఉంచుతుంది, లోపల ఫంగస్ ఉంటే అదే అదనుగా పెరిగిపోతుంది. కోతల్లో వరి కంకి తగిలి కన్ను ఎర్రబడితే మందుల షాపులో ఏవో చుక్కలు అడిగి వేసుకుని, పువ్వు పడ్డాక ఆసుపత్రికి వచ్చేవారిని డెల్టాలోని నేత్రవైద్యులందరూ ఎరుగుదురు. చదువుకున్న ఇంట్లోనూ అదే పని జరిగితే ఏమనాలి? చీటీ లేకుండా అమ్మకూడని మందును తాతగారికి మిగిలింది కదా అని మనవరాలి కంట్లో వేయడం తగదు. మూత తీసి నెల దాటిన సీసా అసలు ఎవరికీ పనికిరాదు. చుక్కలు వేసిన సంగతి డాక్టరు దగ్గర దాచకండి.

లెన్సులను కుళాయి నీటితో కడిగిందా, పెట్టుకునే నిద్రపోయిందా అన్నది అమ్మాయిని నెమ్మదిగా అడగండి. కోప్పడితే నిజం చెప్పదు. కుళాయి, చెరువు, కాలువ నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి వల్ల పుండు వస్తే చికిత్స నెలల తరబడి సాగుతుంది.

చట్టం విషయానికి వస్తే, మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన నేత్రవైద్యులు లెన్సులు రాయవచ్చు. కొలతలు తీసి లెన్సులు అమర్చడం ఆప్టోమెట్రిస్టుల (చూపు పరీక్షించే నిపుణుల) చదువులో భాగం. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం వారిని గుర్తించింది. పుండుకు వైద్యం మాత్రం నేత్రవైద్యులే చేయాలి. ఫ్రేములు అమ్మేవారికీ, మందుల షాపువారికీ, ఊళ్లోని ఆర్‌ఎంపీకీ లెన్సులు రాసే అర్హత లేదు. షాపులో మీ అమ్మాయిని చూసినవారు ఎవరో తెలియదు కనుక వారిని తప్పుపట్టను, కానీ కళ్లజోడు చీటీ లెన్సులకు సరిపోదు. మైనస్ 5 కళ్లజోడుకు లెన్సు పవర్ సుమారు మైనస్ 4.75 అవుతుంది, బేస్ కర్వ్ (లెన్సు లోపలి వంపు), వ్యాసం కూడా విడిగా నిర్ణయించాలి. కన్ను పూర్తిగా మాని, డాక్టరు సరేనన్న తరువాతే ఆ కొలతలు తీయించండి. అప్పటివరకు కళ్లజోడే వాడమనండి.