పెట్టెలకు టేపు వేసే ముందు

చిరంజీవి సౌమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. కారు పెట్టుకునే చోటంతా పుస్తకాలే. పద్నాలుగు వందలు పోగయ్యాయని, ఎక్కువగా మీ పిల్లలూ వాళ్ళ స్నేహితులూ చదివేసినవేనని రాశావు. "ఇవన్నీ ఆఫ్రికాలో జాంబియా దేశపు ప్రైమరీ స్కూలు ఒకదానికి పంపుతున్నాను, నువ్వు పన్నెండేళ్ళు పాఠాలు చెప్పిన చిపాటా ఊరి పక్కనే ఆ స్కూలు, నీ ఆశీర్వాదం కావాలి పెదనాన్నా" అన్నావు. ఆశీర్వాదానికేం, ఎప్పుడూ ఉంటుంది. పెట్టెలకు టేపు మాత్రం ఇంకా వెయ్యకు. ఫోన్లో చెబితే సగంలోనే చిన్నబుచ్చుకుంటావు, మీ నాన్న పోలిక. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నేను 1979లో వెళ్ళేసరికి రాగి ధర పడిపోయి జాంబియా చేతిలో డబ్బులాడటం లేదు. నలభై మంది క్లాసుకు ఆరు లెక్కల పుస్తకాలు. నేను బోర్డు మీద లెక్క రాయడం, వాళ్ళు నోటుబుక్కులోకి దించుకోవడం, ఈలోగా గంట కొట్టెయ్యడం. అలాంటి రోజుల్లో విదేశం నుంచి పద్దెనిమిది పెట్టెల పుస్తకాలు దిగాయి. పంపినవాళ్ళ పేరెందుకులే. ఆ పూట స్టాఫ్ రూంలో పండగే అనుకో. తెరిచి చూస్తే ఏముంది! మంచులో కారు నడపడం ఎలాగో నేర్పే పుస్తకాలు, ఎప్పుడో మారిపోయిన పన్నుల చట్టాలు, ఎవరో పిల్లాడు పెన్సిలుతో జవాబులన్నీ నింపేసిన వర్క్‌బుక్కులు, ఒక ఎన్‌సైక్లోపీడియాలో మూడో సంపుటం, తొమ్మిదో సంపుటం. చిపాటాలో మంచెక్కడిదమ్మా! మా హెడ్మాస్టరు వాటన్నిటినీ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, స్టోర్ రూంలో పెట్టించి తాళం వేశాడు. ఆయన్ని తప్పు పట్టను. పుస్తకం పోతే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆయనే. రెండు వానాకాలాలు గడిచాక తలుపు తీస్తే కింది వరస చెదల పాలైంది.

పద్దెనిమిదింటిలో ఒక్క పెట్టె మాత్రం వేరు. అందులో ఒకే ఆల్జీబ్రా పుస్తకం ముప్ఫై ఆరు కాపీలున్నాయి. హెడ్మాస్టరును బతిమాలి, నా పేరు మీద సంతకం పెట్టి తెచ్చుకున్నాను. ఎనిమిది మంది జతలు కట్టారు, మిగతా ముప్ఫై రెండు మందికీ తలా ఒకటి. ఇంటికి తీసుకెళ్ళమన్నాను. మర్నాడు బోర్డు మీద ఏమీ రాయలేదు, "ఎవరికి ఏ లెక్క ఆగింది?" అని మాత్రం అడిగాను. ఒకమ్మాయి లేచి, పుస్తకంలో జవాబు తప్పు ఉందంది. నిజంగానే తప్పు! నాలుగేళ్ళుగా నేను చెప్పింది రాసుకోవడం తప్ప నోరెత్తని క్లాసు అది. ఆ పుస్తకం కొత్తదీ కాదు, అట్టలు ఊడిపోతున్నది. ఒకే పుస్తకం, అందరి చేతుల్లో, వాళ్ళకు అర్థమయ్యే స్థాయిలో ఉంది, అంతే.

ఇదేదో ముసలాయన గొడవ అనుకోకు. రిటైరయ్యాక చదివాను. 1996లో పశ్చిమ కెన్యాలో, బుసియా, టెసో జిల్లాల్లో పాతిక స్కూళ్ళకు సర్కారు ఆమోదించిన పాఠ్యపుస్తకాలే ఉచితంగా ఇచ్చి, మిగతా స్కూళ్ళతో పోల్చి చూశారు. ఆ పరిశోధన చేసిన ముగ్గురిలో మైఖేల్ క్రేమర్‌కు తర్వాత 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. సగటు మార్కులు పెరగలేదు. అంతకుముందే బాగా చదివే పిల్లలకు మాత్రం మేలు జరిగింది. కారణం చిత్రమేం కాదు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అక్కడి పిల్లలకు ఇల్లు ఒక భాష, ఊరు స్వాహిలి, ఇంగ్లీషు మూడోది. చాలామంది ఆ పుస్తకాన్ని చదవనే లేకపోయారు. సియెర్రా లియోన్‌లో ఇంకో రకం. సర్కారు పంపిన పుస్తకాల్లో చాలావాటిని స్కూళ్ళు పిల్లలకివ్వకుండా దాచిపెట్టాయి, మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియదని. ఆ మాట చదివినప్పుడు మా హెడ్మాస్టరు తాళంచెవి కళ్ళ ముందు ఆడింది.

మీ స్కూలు సంగతి చూడు. నేనున్నప్పుడు జాంబియాలో ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషే. 2014 నుంచి మొదటి నాలుగు తరగతులూ ఏడు స్థానిక భాషల్లో చెప్పమన్నారు. చిపాటా వైపు అది చిన్యాంజా. అంటే నీ పద్నాలుగు వందల్లో చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు ఏ పిల్లల కోసమని పంపుతున్నావో, వాళ్ళే వాటిని చదవలేరు. బొమ్మలు చూస్తారు, అది కాదనను. మనూళ్ళో రెండో తరగతి పిల్లాడికి ఫ్రెంచి కథల పుస్తకం ఇచ్చి లైబ్రరీ పెట్టామంటే ఏమంటావు?

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. "మరి మలావీ కుర్రాడి మాటేమిటి?" అంటావు. విలియం కామ్‌క్వాంబా. చిపాటా నుంచి సరిహద్దు దాటి కాస్త పైకి పోతే వాళ్ళ కసుంగు జిల్లా. 2001, 2002ల్లో కరువొచ్చి, ఫీజు కట్టలేక హైస్కూలు మానేశాడు. ఊరి ప్రైమరీ స్కూల్లో విరాళపు పుస్తకాలతో నడిచే చిన్న లైబ్రరీ ఉండేది. అక్కడ శక్తి గురించిన ఒక అమెరికా పాఠ్యపుస్తకం దొరికింది, అట్ట మీద గాలిమరలు. ఇంగ్లీషు అంతంత మాత్రమే, బొమ్మలు చూసి చూసి అర్థం చేసుకున్నాడు. పాత సైకిలు, డైనమో, ట్రాక్టరు ఫ్యాను, పీవీసీ గొట్టాలు, నీలగిరి చెట్ల దుంగలు పోగేసి మర కట్టి ఇంట్లో దీపం వెలిగించాడు. దానధర్మాల సభల్లో ఈ కథ చెప్పని వక్త ఉండడు. ఆ పుస్తకం విరాళంగా వచ్చిందన్న మాట దగ్గరే అందరూ ఆగిపోతారు. నాకు పట్టింది వేరే. ఆ కుర్రాడు అప్పుడు ఏ స్కూల్లోనూ లేడు. అయినా లోపలికి రానిచ్చారు. పుస్తకాలు చూసుకోవడానికి ఒకావిడ ఉండేది, ఇంటికిచ్చేది, మళ్ళీ తెస్తే మళ్ళీ ఇచ్చేది. ఆ పుస్తకమే మా స్టోర్ రూంలో పడి ఉంటే చెదపురుగులు గాలిమర కట్టేవి!

కాబట్టి ముందు ఆ స్కూలు టీచరుకు ఉత్తరం రాయి. "ఏం కావాలి?" అని అడక్కు. అలా అడిగితే మొహమాటానికి ఏదైనా పరవాలేదంటారు. ఏ తరగతిలో ఎంతమంది, ఏ పుస్తకం ఎన్ని కాపీలున్నాయి, బీరువా ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పిల్లలు ఇంటికి తీసుకెళ్తే పోయినవాటికి ఎవరు జవాబుదారీ, ఇవి అడుగు. నూటికి పది పుస్తకాలు పోతాయని, చిరుగుతాయని, దానికి ఎవర్నీ తప్పు పట్టనని నువ్వే కాగితం మీద రాసివ్వు. పిల్లల చేత పుస్తకాలు పట్టించి ఫొటోలు తియ్యమని మాత్రం అడక్కు.

రవాణా లెక్క కూడా వేసుకో. నలభై అడుగుల కంటైనర్‌లో ఇరవై రెండు వేల దాకా పుస్తకాలు పడతాయి. నీ పద్నాలుగు వందలు అందులో ఒక మూల. జాంబియాకు సముద్రం లేదు. దార్ ఎస్ సలామ్‌లోనో, బైరాలోనో, డర్బన్‌లోనో దిగి, కస్టమ్స్ కాగితాలు తెమిలి, లారీ ఎక్కి రావాలి. కాగితం ఒకటి తక్కువైతే రేవులో అద్దె రోజు రోజుకూ పెరుగుతుంది, అది చివరికి స్కూలు నెత్తిన పడుతుంది. ఆ ఖర్చు పెట్టే డబ్బుతో లుసాకాలోనే కొను. అక్కడి పబ్లిషర్లు, షాపులు కూడా బతకాలి కదా. ఆఫ్రికన్ స్టోరీబుక్ అని దక్షిణాఫ్రికా వాళ్ళ సైటు ఉంది, చిన్యాంజాలో కథలు ఉచితంగా దింపుకుని అచ్చు వేసుకోవచ్చు. మన బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ కూడా అలాంటిదే. మీ పిల్లలు తెలుగు కథలు చదువుతున్నది అందులోనే కదూ.

నీ పద్నాలుగు వందల్లోంచి పై తరగతులకు పనికొచ్చే సైన్సు, అట్లాసులు, నిఘంటువులు ఏరు. వందో నూటయాభయ్యో తేలుతాయి. మిగతావి మీ ఊరి లైబ్రరీ వాళ్ళకే ఇచ్చెయ్యి. పిల్లలు అలుగుతారు, నేను చెప్పానని చెప్పు.

టీచరుకు ఉత్తరం మొదట్లో "ములి బ్వాంజి" అని రాయి, బాగున్నారా అని. చివర "జికోమో", కృతజ్ఞతలు. జవాబు చిన్యాంజాలో వస్తే నాకు వాట్సాప్ చెయ్యి. చత్వారం ఉంది, పెద్ద అక్షరాల్లో కనబడేలా ఫొటో తియ్యి.

మీ పెదనాన్న,
తెనాలి