గోల్స్ తక్కువైనా రుయి కోస్టాని అంత గొప్పవాడంటారెందుకు?

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఇటలీ క్లబ్ మిలాన్‌లో ఐదు సీజన్లు ఆడి, లీగ్ మ్యాచుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని గోల్స్ కొట్టిన పోర్చుగల్ మిడ్‌ఫీల్డర్ రుయి కోస్టాని జనం ఇప్పటికీ ఎందుకు నెత్తిన పెట్టుకుంటారన్నది ఒకటి. మీరూ కాలేజీ టీమ్‌లో అదే పదో నంబర్ స్థానంలో, అంటే స్ట్రైకర్ వెనక ఉండి పాస్‌లిచ్చే చోట ఆడుతున్నారు, గోల్స్ లేవని సెలెక్షన్స్‌లో పక్కన పెట్టారు, మరి అతన్ని చూసి ధైర్యం తెచ్చుకోవచ్చా అన్నది రెండోది. మొదటిదానికి సంతోషంగా జవాబు చెప్తాను. రెండోదానికి నేను చెప్పేది మీకు అంతగా రుచించకపోవచ్చు.

నేను సికింద్రాబాద్‌లో పెరిగినవాణ్ని. చదువుకునే రోజుల్లో మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాణ్ని, ఇప్పుడు సాయంత్రాలు ఒక స్కూల్ టీమ్ పిల్లలకి ఆట నేర్పుతుంటాను. రుయి కోస్టా అంటే నాకు పక్షపాతం ఉంది. అది లెక్కలోకి తీసుకునే చదవండి.

ముందు కథ క్లుప్తంగా. 1972లో లిస్బన్ పక్కనున్న అమడోరాలో పుట్టాడు. చిన్నప్పుడు దమాయా అనే పేటలో ఇండోర్ కోర్టు మీద ఆడాడు. లిస్బన్ క్లబ్ బెన్ఫికా ట్రయల్స్‌కి వెళ్తే, అక్కడ పిల్లల్ని చూస్తున్నది సాక్షాత్తూ పోర్చుగల్ దిగ్గజం యుసేబియో. ఆయన కంటికి ఆనడానికి ఎంతోసేపు పట్టలేదంటారు. 1991లో అండర్-20 ప్రపంచకప్ పోర్చుగల్‌లోనే జరిగింది. కోచ్ కార్లోస్ కేరోస్, జట్టులో ఫిగో, జువావ్ పింటో. బెన్ఫికా సొంత స్టేడియం లూజ్‌లో లక్ష మందికి పైగా జనం ముందు బ్రెజిల్‌తో ఫైనల్. గోల్ పడలేదు, పెనాల్టీలదాకా వచ్చింది. కప్పు తెచ్చిన ఆఖరి పెనాల్టీ కొట్టింది పంతొమ్మిదేళ్ల రుయి కోస్టా. పోర్చుగల్‌లో 'బంగారు తరం' అన్న పేరు వీళ్లకే పడింది. పెద్దల జట్టుకి వచ్చాక ఆ తరం ఒక్క కప్పు కూడా గెలవలేదు, అది వేరే బాధ.

1994లో బెన్ఫికాతో లీగ్ గెలిచిన వెంటనే, క్లబ్‌కి డబ్బు అవసరమై అతన్ని ఇటలీలో ఫియొరెంటీనాకి అమ్మేశారు. అక్కడ ఏడేళ్లు ఉన్నాడు. మీ ప్రశ్నకి అసలు జవాబు ఈ ఏడేళ్లలోనే ఉంది.

ముందు అర్జెంటీనా స్ట్రైకర్ బాటిస్టుటా, వెనక రుయి కోస్టా. బాటిస్టుటా ఎలాంటివాడంటే, బంతి సరిగ్గా అడుగు ముందు పడితే చాలు, మిగతాది అతనే చూసుకుంటాడు. ఆ అడుగు ముందు బంతి పడేయడమే రుయి కోస్టా ఉద్యోగం. ఆ రోజుల్లో ఇటలీ లీగ్‌లో డిఫెన్స్ ఎంత గట్టిగా ఉండేదో మీకు తెలిసే ఉంటుంది. ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల (నడిమి డిఫెండర్ల) మధ్య సందు క్షణంపాటు తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుపోతుంది. అది తెరుచుకున్నాక చూసి పాస్ ఇస్తే ఆలస్యమైపోయినట్టే. తెరుచుకోబోతోందని ముందే పసిగట్టాలి. 1996లో ఇటలీ కప్ గెలిచారు. 2000లో బాటిస్టుటా రోమాకి వెళ్లిపోయాక కెప్టెన్ ఆర్మ్‌బ్యాండ్ ఇతని చేతికి వచ్చింది, 2001లో మళ్లీ అదే కప్. ఆ ఏడేళ్లలోనే ఒక ఫ్రెండ్లీ మ్యాచ్‌లో బెన్ఫికా మీద గోల్ పడింది ఇతని కాలినుంచి, మైదానంలోనే ఏడ్చేశాడు. ఫ్రెండ్లీయే కదా అని మనం నవ్వుకోవచ్చు గానీ, బెన్ఫికా వాళ్లు ఆ కన్నీళ్లని ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇక దగ్గర్నుంచి చూడాలంటే 2000 యూరో కప్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్ వెతకండి. ఐండోవెన్‌లో జరిగింది. పద్దెనిమిది నిమిషాలకే ఇంగ్లండ్ 2-0. ఫిగో దూరం నుంచి ఒకటి కొట్టాడు, దాన్ని అందరూ చూసే ఉంటారు. రెండో గోల్‌కి రుయి కోస్టా కుడివైపు నుంచి బంతి వంచి పంపితే, జువావ్ పింటో గాల్లో పడుకుని తల తగిలించాడు. 59వ నిమిషంలో మూడోది, నూనో గోమెస్‌ది. మా పిల్లలకి నేను ఆపి ఆపి చూపించేది ఇదే. రీప్లేలో పాస్‌ని చూడకండి, అంతకు ముందున్న రెండు సెకన్లు చూడండి. నూనో గోమెస్ పరుగు మొదలవడం, పాస్ రావడం దాదాపు ఒకేసారి. బంతి కాలికి తగిలాక ఆలోచించి ఉంటే ఆ లెక్క కుదరదు. మ్యాచ్ పోర్చుగల్‌దే, 3-2.

అందుకే మా దగ్గర ఒక పని చేయిస్తాను. పిల్లవాడు బంతి కోసం ఎదురుచూస్తుంటే, వాడి వెనక ఇంకొకడు రంగు బిబ్ (ప్రాక్టీస్‌లో వేసుకునే చేతుల్లేని చొక్కా) ఒకటి పైకెత్తి నిలబడతాడు. బంతి కాలికి తగిలేలోపు వాడు ఆ రంగు పేరు చెప్పాలి. మొదట్లో అందరూ బంతినే చూస్తూ ఏదో ఒక రంగు అరిచేస్తారు. కొన్నాళ్లకి మెడ తిరగడం దానంతటదే అలవాటవుతుంది. టెక్నిక్ ఉన్న పిల్లల కన్నా, ఈ అలవాటు ముందు పట్టిన పిల్లలే మ్యాచ్‌లో ఎక్కువ పనికొస్తున్నారు. మీరూ ఫ్రెండ్‌తో చేసి చూడండి, ఖర్చేమీ లేదు.

ఇప్పుడు మిలాన్. 2001లో ఫియొరెంటీనా అప్పుల్లో మునిగి ఇతన్ని అమ్మక తప్పలేదు. మరుసటి ఏడాదే ఆ క్లబ్ దివాలా తీసి కింది డివిజన్ నుంచి కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. మిలాన్ కట్టింది నాలుగు కోట్ల యూరోల పైమాటే. అంత డబ్బు పెట్టినవాడు గోల్స్ కొట్టకపోతే పేపర్లు ఊరుకుంటాయా? కానీ కోచ్ ఆన్చెలోట్టి అతన్ని కొలిచింది గోల్స్‌తో కాదు. ముందు వరుసలో స్థానాలు నిండిపోయి ఉండటంతో మరో మిడ్‌ఫీల్డర్ పిర్లో డిఫెన్స్ ముందుకి దిగాడు, ఇవాళ అందరూ చెప్పుకునే పిర్లో ఆ స్థానంలోనే తయారయ్యాడు. 2003 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో, మాంచెస్టర్‌లో యువెంటస్ మీద, మొదటి పదకొండు మందిలో రుయి కోస్టా ఉన్నాడు. పెనాల్టీల్లో గెలిచారు.

ఆ వేసవిలోనే బ్రెజిల్ నుంచి ఇరవై ఒక్క ఏళ్ల కాకా దిగాడు. అతనూ అదే స్థానం. తేడా ఏమిటంటే రుయి కోస్టా బంతిని పరిగెత్తించేవాడు, కాకా బంతితో పాటు తనే పరిగెత్తేవాడు, పైగా గోల్స్ కూడా కొట్టేవాడు. కొన్ని నెలల్లోనే ఎవరు ఆడాలన్న చర్చ ముగిసిపోయింది. 2004లో లీగ్ గెలిచిన జట్టులో రుయి కోస్టా చాలాసార్లు బెంచి మీంచి వచ్చినవాడే. 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లోనూ అంతే, ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో గట్టూసో బదులు దిగాడు.

దేశం జట్టులోనూ అదే జరిగింది. 2004 యూరో సొంత గడ్డ మీద. మొదటి మ్యాచ్‌లో గ్రీస్ చేతిలో ఓటమి, హాఫ్ టైమ్‌కే ఇతన్ని తీసేసి మరో మిడ్‌ఫీల్డర్ డెకోని దింపారు. తర్వాతి మ్యాచ్ నుంచి డెకోదే ఆ స్థానం. ఇతను బెంచి మీంచి వచ్చి రష్యా మీద గోల్ కొట్టాడు. క్వార్టర్ ఫైనల్ ఇంగ్లండ్‌తో. మనకి అర్ధరాత్రి పన్నెండుంబావుకి మొదలైంది. హాస్టల్ టీవీ రూమ్‌లో సౌండ్ బాగా తగ్గించి చూస్తున్నాం, వార్డెన్ లేస్తాడేమోనని ఒకటే టెన్షన్. రెండు దాటాక, ఎక్స్‌ట్రా టైమ్‌లో, ముప్పై రెండేళ్ల ఈ మనిషి మేజోళ్లు మడమల దాకా జారిపోయి, చొక్కా బయటికి వేలాడుతుండగా బంతి తీసుకుని బయల్దేరాడు. ఫిల్ నెవిల్ మీద పడితే భుజంతో తోసుకుని ముందుకెళ్లి, బాక్సు బయట నుంచి కుడికాలితో బాదాడు. ఇంగ్లండ్ గోల్‌కీపర్ డేవిడ్ జేమ్స్ చేతులకి అందని ఎత్తులో లోపలికెళ్లింది. మేం అరిచిన అరుపుకి వార్డెన్ లేవనే లేచాడు, కానీ తిట్టకుండా వచ్చి మాతో కూర్చున్నాడు. ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ సమం చేయడం, పెనాల్టీల్లో రుయి కోస్టా తన కిక్ బార్ పైనుంచి కొట్టేయడం, మా గోల్‌కీపర్, అదే పోర్చుగల్ రికార్డో, గ్లవ్స్ విప్పేసి ఒకటి ఆపి, తనే ఒకటి కొట్టి గెలిపించడం కూడా ఆయన మాతోనే చూశాడు. ఫైనల్‌లో మళ్లీ గ్రీస్, మళ్లీ ఓటమి. దాంతో అంతర్జాతీయ ఆటకి సెలవు చెప్పాడు. 94 మ్యాచులు, 26 గోల్స్.

అతని కెరీర్‌లో అన్నిటికన్నా అన్యాయంగా నాకు అనిపించేది మాత్రం 1997 సెప్టెంబర్, బెర్లిన్. ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో జర్మనీ మీద పోర్చుగల్ 1-0తో ముందుంది. ఇతన్ని మార్చి సెర్జియో కన్సెయ్‌సావ్‌ని దింపుతున్నారు. నడుచుకుంటూ బయటికి వస్తున్నాడు, టైమ్ వేస్ట్ చేస్తున్నాడని ఫ్రెంచ్ రిఫరీ మార్క్ బట్టా రెండో ఎల్లో కార్డు చూపించాడు. బయటికి వెళ్తున్నవాణ్ని బయటికి పంపడం! జట్టు పదిమందైంది, కాసేపటికే జర్మనీ సమం చేసింది. పోర్చుగల్ 1998 ప్రపంచకప్‌కి వెళ్లలేదు. ఇరవై అయిదేళ్ల వయసు, మంచి ఊపు మీదున్న రోజులు. ప్రపంచకప్ ఆడే అవకాశం మళ్లీ 2002లో వచ్చింది, అప్పుడు గ్రూప్ దశలోనే ఇంటికి. అతని పేరు మన దగ్గర ఫిగో పేరంత వినిపించకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

2006లో మిలాన్ కాంట్రాక్ట్ ఇంకా మిగిలి ఉండగానే వదులుకుని బెన్ఫికాకి తిరిగొచ్చాడు. 2008 మేలో విటోరియా సెటూబల్‌తో చివరి మ్యాచ్. ఆ వెంటనే అదే క్లబ్‌లో ఫుట్‌బాల్ డైరెక్టర్‌గా కుర్చీలో కూర్చుని, ఖాళీ అయిన తన పదో నంబర్ చొక్కాకి అర్జెంటీనా ఆటగాడు పాబ్లో ఐమార్‌ని తెచ్చాడు. 2021 నుంచి క్లబ్ అధ్యక్షుడు. ఆటగాడిగా ఉన్నంత ప్రేమ అధ్యక్షుడిగా దొరకలేదు, ఓడిన రోజున స్టేడియంలో తిట్లూ పడ్డాయి. అది మన ఊరి సర్పంచ్‌కైనా తప్పదు.

ఇక మీ రెండో ప్రశ్న. ఇష్టమైనవాడే అయినా, మీ వయసు మిడ్‌ఫీల్డర్‌కి రుయి కోస్టా కెరీర్‌ని కాపీ కొట్టమని నేను చెప్పను. అతను ఆడిన స్థానం ఇప్పుడు చాలా జట్లలో లేనే లేదు. బంతి పోయినప్పుడు వెనక్కి పరిగెత్తని పదో నంబర్‌ని ఏ కోచ్ అయినా మొదటి అరగంటలోనే గుర్తుపడతాడు. ఇప్పటి పోర్చుగల్ జట్టునే చూడండి. బ్రూనో ఫెర్నాండెస్ గోల్స్ కొడతాడు, పాస్‌లిస్తాడు, ప్రెస్సింగ్‌లోనూ, అంటే బంతి ఉన్న ప్రత్యర్థి మీదకి ఎగబడటంలోనూ, అందరికన్నా ముందుంటాడు. విటిన్యా బంతి కోసం సెంటర్ బ్యాక్‌ల దగ్గరికి దిగుతాడు. రుయి కోస్టా 2000 తర్వాత పుట్టి ఉంటే ఇలాగే తయారు చేసేవారు.

కాబట్టి సెలెక్షన్స్‌కి వెళ్లేటప్పుడు 'నేను పదో నంబర్‌నే' అని చెప్పకండి. ఎనిమిదో నంబర్‌గా, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లలో ఒకడిగా కూడా ఆడతానని చెప్పి, ఆ ఆట ముందు మీ కాలేజీ మ్యాచుల్లో ఆడి చూడండి. గోల్స్ లేవంటున్నారు కాబట్టి, ఎవరైనా ఫ్రెండ్‌తో ఫోన్‌లో పూర్తి మ్యాచ్ రికార్డ్ చేయించండి. మీ పాస్ నుంచి ఎన్ని షాట్లు వచ్చాయో నిమిషాలతో సహా రాసుకుని కోచ్‌కి చూపించండి. మా స్కూల్ కుర్రాడొకడు జిల్లా జట్టు సెలెక్టర్‌కి ఇలాంటి కాగితమే ఇచ్చాడు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు మ్యాచ్‌కి రమ్మన్నాడు. అక్కడ కుర్రాడు బాగా ఆడాడు, జట్టులోకి తీసుకున్నారు. లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా!